తడిమట్టి పిట్ట

సెలవుల్లో మట్టిపని నేర్చుకుంటున్న మా అమ్మాయి గుప్పెట్లో పట్టేంత పిట్టను చేసుకొచ్చింది. తోకలో ఊదితే పలుకుతుంది, వీపు మీద నాలుగు రంధ్రాలు. పేరు ఒకారినా అంట. ఇంకా కాల్చలేదు. ఆ పచ్చిమట్టి వాసనకు కోవూరులో కుండలు కాల్చే మా ఆవం గుర్తొచ్చింది.

మా నాయన తిరునాళ్లకు ఇలాంటి పిట్టలు చేసేవాడు. కాలాక సరిచేయడం కుదరదు కాబట్టి తడి మీదే ప్రతిదాన్నీ పలికించి చూడాలి. ఆ పని నాకిచ్చాడు. మొదట బుగ్గలు పూరించి ఊదితే ఉత్త గాలే వచ్చింది.

"అంత గట్టిగా కాదు పాపా. కంట్లో నలుసు పడితే ఊదుతామే, అట్ట ఊదాల."

అలా ఊదగానే పలికింది. పెదవులకు మట్టి అంటుకుంది.

"నువ్వొకటి ఊదు నాయనా."

"నాకు రాదు పాపా. నువ్వే ఊదాల."

నాయనకే రాని విద్య నాకొచ్చిందని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను. నేను ఊదుతుంటే ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను. ఆవం పొగకు ఊపిరితిత్తులు పాడై, ఆయన అప్పుడు ఊపిరి కూడదీసుకుంటున్నాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ఆ ఏడు కార్తీక వానల్లోనే పోయాడు.

మా అమ్మాయి ఎంత ఊదినా పిట్ట పలకలేదు. విసుగొచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకొచ్చా అమ్మా? ఊదు."

పెదవుల దాకా తెచ్చాను. ఊదకుండానే తిరిగి అమ్మాయి చేతిలో పెట్టాను.

"నాకు రాదు పాపా," అన్నాను. "నువ్వే ఊదాల."