నికెల్ మెరుపు మీద పందెం

మా ముత్తాతగారు సముద్రానికి ఆమడ దూరంలో ఉన్న పద్నాలుగు ఊళ్ళకు జమీందారు. కలెక్టరు ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఉన్న కొద్దిమందిలో ఒకరు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, గౌరవ మేజిస్ట్రేటు. జమీందారీలు రద్దయ్యాక కూడా ఆ సంగతి తనకెవరూ చెప్పనట్టే చాలాకాలం బతికారు. మా నాన్నగారు సహకార బ్యాంకులో గుమాస్తా. గుమాస్తా కుర్చీలోనూ ఆయన వీపు ఆనించి కూర్చోలేదు. నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక బీమా కంపెనీకి డేటాబేసులు చూసేవాణ్ణి. నా వీపూ నిటారే. డాక్టరు మాత్రం దాన్ని వెన్నుపూస సమస్య అన్నాడు.

వంశం నుంచి ఆ వీపు కాక నాకు దక్కింది ఒక ఫొటో. అందులో తాతగారు వసారాలో కూర్చుని ఉంటారు. మోకాలి మీద రివాల్వర్. నలుపు తెలుపు ఫొటోలో కూడా అది వెన్నెల్లా మెరుస్తూ ఉంటుంది. "అసలైన నికెల్ పూత. ఉప్పుగాలిలో నలభై ఏళ్ళున్నా చుక్క తుప్పు పట్టలేదు" అని మా ఇంట్లో చెప్పుకునేవారు. పొలాలు పోయాయి, మేడ పోయింది, ఆ రివాల్వర్ కూడా లైసెన్సుతో సహా పోలీస్ స్టేషన్‌కు పోయింది. నికెల్ మాట మాత్రం ఉండిపోయింది. మా ఇంట్లో వాటాలు పంచుకోకుండా అందరికీ పూర్తిగా దక్కిన ఆస్తి అదొక్కటే.

ఆ రోజుల్లో నాలాంటివాడు గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా తుపాకీ కొనడం తేలిక కాదు. 2011లో కార్డు వచ్చింది. వచ్చిన నెలలోనే ఒక గన్ షోకి వెళ్ళి, ఫొటోలో ఉన్నలాంటిదే ఒక పాత నికెల్ రివాల్వర్ కొన్నాను. తాతగారు లైసెన్సు కోసం కలెక్టరు బంగళాకు మూడుసార్లు వెళ్ళారట. నేను బల్ల దగ్గర నిలబడి ఒక ఫారం నింపాను. పెన్ను కూడా వాళ్ళదే.

ఆఫీసులో నా పై అధికారి మా జిల్లావాడే. వాళ్ళ తాత మా తాతగారి పొలాల్లో పాలేరు. ఈ సంగతి అతనే నలుగురిలో నవ్వుతూ చెప్పేవాడు. నేనెప్పుడూ చెప్పలేదు, మర్చిపోనూ లేదు. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేవాడు, శనివారాలు నాతో షూటింగ్ రేంజ్‌కి వచ్చేవాడు. నన్ను 'దొరగారూ' అనేవాడు. ఏడాదికోసారి ఆ దొరగారి అప్రైజల్ రాసేది కూడా అతనే.

అతని పిస్టల్ కొత్తది. పట్టు ప్లాస్టిక్, పైభాగం ఉక్కు. ఆ ఉక్కును ఇసుకతో గరుకు చేయించి, సెరామిక్ రంగు స్ప్రే కొట్టించి, ఓవెన్‌లో కాల్పించాడు. తడి ఇసుక రంగు.

"రంగు కొట్టిన ఇనుముకీ మా ఊరి బస్సుకీ తేడా ఏమిటయ్యా?" అన్నాను మొదటిసారి చూసి.

"బస్సు ఇంకా తిరుగుతానే ఉందండి దొరగారూ. మీ మేడే కనపడట్లేదు."

ఇలాంటివాణ్ణి మా ముత్తాతగారి హయాంలో ఏం చేసేవారో నాకు తెలియదు. నా హయాంలో మాత్రం అతనే నా టైమ్‌షీట్ మీద సంతకం పెట్టేవాడు. అందుకని వాదించాను. నికెల్ అంటే ఉక్కులో ఒక భాగమైపోతుందని, గోకినా రాదని, చెమట దాన్నేమీ చెయ్యలేదని చెప్పాను. సాక్ష్యంగా ఫొటోలోని తాతగారి రివాల్వర్‌ని చూపించాను.

అప్పుడతను కాస్త తగ్గాడు. "మా తాత కూడా చెప్పేవాడండి. అది ఎండలో మెరిస్తే పాలేళ్ళంతా గట్టు దిగి పొలంలోంచి వెళ్ళేవాళ్ళంట."

ఆ మాట నాకు ఎంత బాగుందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు సిగ్గు లేదు. అక్కడికక్కడే పందెం కాశాను. ఇద్దరం ఒకేలాంటి తోలు ఒరలు కొనాలి. ప్రతి శనివారం వందేసిసార్లు ఒరలోంచి తీసి పెట్టాలి. టెక్సస్ ఎండలో పట్టిన చెమట రేంజ్‌లో తుడవకూడదు. దసరానాడు రెండూ పక్కపక్కన పెడితే ఎవరిది చెడిపోయి ఉంటే వాళ్ళు తమది అమ్మేయాలి. తీర్పరి మా మేనత్త. కమ్మింగ్ అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వచ్చి ఉంది, దసరాకి మా ఇంటికి రాబోతోంది. తాతగారి రివాల్వర్‌ని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

"మీ అత్తయ్యగారే జడ్జి అంటే మ్యాచ్ ఫిక్స్ అయిపోయినట్టే కదండీ."

"మా ఇంటి ఆడవాళ్ళు అబద్ధమాడరు."

"అదే నా ధైర్యం లెండి."

తుపాకీ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. నేను పందెంలో పెట్టింది తాతగారి నికెల్ మాట. అది అతనికీ తెలుసు.

సెప్టెంబరు చివరికి అతని పిస్టల్ అంచుల దగ్గర రంగు అరిగి, కొనన ఉక్కు బయటపడింది. నా రివాల్వర్ కొన్ననాటిలాగే మెరుస్తోంది. శనివారాలు రేంజ్‌లో నా నడక మారిందని మా ఆవిడ అంది.

సరిగ్గా అప్పుడే నేను మా వంశాచారం పాటించాను. ఆయుధ పూజకు ముందురోజు ఇంట్లో లోహమన్నదాన్నల్లా చింతపండుతో తోమడం మాకు అలవాటు. నేను ఇంకాస్త శ్రద్ధ చూపించాను. ముందు అమ్మోనియా కలిసిన ద్రావకంతో గొట్టం లోపలా బయటా కడిగాను. ఆ తర్వాత ఒక గిన్నెలో చింతపండు పిసికి, రివాల్వర్‌ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నానబెట్టాను.

మా ఆవిడ గిన్నెలోకి తొంగిచూసింది. "పులుసులో ముక్కలా ఉందండీ. ఉప్పు వేశారా?"

ఉప్పు కూడా వేశాను.

తీసి చూస్తే గుళ్ళు పెట్టే చక్రం అంచున నికెల్ ఉబ్బి ఉంది. గుడ్డతో తుడిస్తే ఉల్లిపొరలా లేచొచ్చింది. కిందంతా నల్లగా, పాచి పట్టినట్టుంది. తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది భోజనమా?" అని అడిగాడు. తర్వాత ఓపికగా చెప్పాడు. నికెల్ కింద పలచని రాగి పొర ఉంటుందట. అమ్మోనియా ఆ రాగిని తింటుందట. పాత గీతల్లోంచి నా ద్రావకం, దాని వెనక పులుసు లోపలికి దిగాయి. నికెల్‌కి ఏమీ కాలేదు, దాని కింద నేలే లేకుండా పోయింది. మళ్ళీ నికెల్ వేయాలంటే ఉన్నదంతా గీకి పంపాలి, నెలలు పడుతుంది. స్ప్రే అయితే ఒక్కరోజులో కొట్టి ఇస్తానన్నాడు.

"నికెల్‌లా కనపడే రంగు కూడా ఉంది. ఎవరూ కనిపెట్టలేరు."

"మా కుటుంబం ఒప్పుకోదు" అన్నాను.

"వాళ్ళలో బతికున్నవాళ్ళు ఎంతమంది?" అన్నాడు.

పండగనాడు అతను మిఠాయి పెట్టెతో వచ్చాడు. గుళ్ళు లేవని ఇద్దరం రెండేసిసార్లు చూసి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రెండూ పెట్టాం. మా అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. మొదట అతనిది చూసింది.

"ఇదేంటయ్యా, మట్టిలో దొర్లించినట్టుంది?"

"రంగే అలాంటిదండి అత్తయ్యగారూ."

తర్వాత నాది చేతిలోకి తీసుకుంది. "దీనికేమొచ్చిందిరా? అమ్మవారు పోసినట్టుంది!"

"చింతపండుతో తోమాను అత్తయ్యా. తాతగారు తోమించినట్టే."

"నాన్నగారా? చింతపండుతో పిస్తోలు తోమించారా? ఎవడు చెప్పాడురా నీకు? చింతపండు చెంబులకి, గంటలకి."

"మరి అంత మెరుపు ఎలా ఉండేది? నికెల్..."

"నికెలు నా పెళ్ళికి ముందే ఊడిపోయిందిరా, ఆ ఉప్పుగాలికి. దసరాకి గేటుకి వెండి రంగు వేయించేవాళ్ళం కదా, డబ్బాలో మిగిలింది దానికి పూసేవారు. ఏటేటా పూస్తుంటే తుప్పెక్కడ పడుతుంది? పూసీ పూసీ చక్రం అతుక్కుపోయింది. తిరిగేది కాదు, పేలేది కాదు. స్టేషన్‌లో అప్పగిస్తే ఆ ఎస్సై బొమ్మనుకున్నాడు." చెప్తూ చెప్తూ తనే నవ్వింది. "నాన్నగారు మాత్రం దాన్ని పట్టుకుని ఎంత బిగిసి కూర్చునేవారో!"

నేను అతని వైపు చూశాను. ఏడాదంతా నన్ను ఆటపట్టించినవాడు, ఇంతకన్నా మంచి అవకాశం ఎన్నడూ రానివాడు, నవ్వలేదు. బల్ల మీది గుడ్డ అంచు మడత సర్దుతున్నాడు. బహుశా గట్టు దిగి పొలంలోంచి వెళ్ళినవాళ్ళు గుర్తొచ్చి ఉంటారు.

"పందెం వదిలేద్దాం లెండి," అన్నాడు. "నాదీ అరిగింది కదా. డ్రా అనుకుందాం."

ఆ మాట చివర 'దొరగారూ' లేదు. అతను నన్ను వెక్కిరించినన్నాళ్ళూ నాకు ఏమీ అనిపించలేదు. జాలిపడ్డాడు చూడండి, అప్పుడు నా వీపు నిజంగా నొప్పి పుట్టింది.

"డ్రా ఏమిటయ్యా? జడ్జి చెప్పింది విన్నావుగా. నాదే పోయింది."

"అత్తయ్యగారు నాది కూడా మట్టి అన్నారండి."

"మట్టి మట్టిలాగే ఉంది. నాది నికెల్‌లాగా లేదు. మాటంటే మాటే."

"ఏం మాటరా?" అంది అత్తయ్య. చెప్పాను. ఆవిడ అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "అయితే అమ్మేయ్. పాతది, పైగా పులుపు వాసన" అంది.

ఆ వచ్చే శనివారం రివాల్వర్ అమ్మేశాను. కొన్న దుకాణదారు ఒర కూడా అడిగాడు. ఒర కూడా ఇచ్చేశాను.