ఏడుపు కలవని కొలత

నిన్న ఖమ్మంలో ఒక సభలో మైకుకు తొడిగిన నల్లని స్పాంజి బంతిని చూడగానే, అడవి అంచున ఉన్న మా పల్లెలో గడచిన ఒక ఉదయం మనసున మెదిలింది.

ఆ రోజుల్లో శిక్షణకు తిరిగే యుద్ధవిమానాలు మా ఇండ్ల కప్పులను ఒరసుకొన్నట్లు పోయేవి. ఉయ్యాలలోని తమ్ముడు ప్రతిసారీ ఉలిక్కిపడి, గుక్కపట్టి నీలిబారేవాడు. అమ్మ వాణ్ణి దర్గాకు తీసుకొనిపోయి, దడుపు పోవడానికి ఊదించింది. ఫలితం కనబడలేదు.

అప్పుడు ప్రభుత్వోద్యోగులిద్దరు, విమానాల చప్పుడు మనుషులను ఎంత బాధిస్తున్నదో పరిశోధించడానికి వచ్చి, మా వాకిట మూడుకాళ్ళ స్టాండుపై ఒక పెట్టెను నిలిపారు. దాని కొసన ఇటువంటి నల్లని బంతియే ఉండెను. అది చప్పుడును పీల్చివేయునని నేను నమ్మాను. అమ్మ దర్గాలో వలెనే తలపై కొంగు కప్పుకొని, తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకొని దాని కింద కూర్చున్నది.

"గీడ కూసోకు తల్లీ! పిల్లగాని ఏడుపు కలిస్తె కొలత ఖరాబైతది," అన్నాడు ఒక ఉద్యోగి.

"గా సప్పుడు మీరు తీస్కపోతరు గద సారూ?"

"కొలిచి పైకి పంపుతమమ్మా. గంతే."

"పంపుండ్రి సారూ. జర జల్దీ పంపుండ్రి."

విమానం వచ్చే వేళకు అమ్మ పెరటి చివరకు పోయి, ఏడుపు వినబడకుండా తమ్ముణ్ణి రొమ్ముకు అదుముకొన్నది.

మరునాడు చప్పుడు లేని విమానాన్ని చూడాలని నేను వాకిట నిలబడ్డాను. అది ఎప్పటివలెనే వచ్చింది. ఉద్యోగులు మరల రాలేదు. విమానాల చప్పుడు వారి పెట్టెలో ఏ లోపమూ లేకుండా నమోదై ఉంటుంది. మనుషుల బాధ తెలుసుకోవడానికి వచ్చిన ఆ కొలతలో మా తమ్ముని ఏడుపు మాత్రం లేదు.