పదడుగుల బేరం

భిలాయి సెక్టర్ 4 ఆదివారం బజారులో సింహాచలమ్మ మీద బేరంలో నెగ్గినవాడు పుట్టలేదు. ఈ మాట ఇంకెవరో అన్నది కాదు, ఆవిడే ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటోంది. వినక చస్తారా ఇరుగుపొరుగు వాళ్ళు?

చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఈ ఉక్కు ఊరికి వచ్చింది. మొగుడు ఉక్కు కార్ఖానాలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పొగ మింగి నాలుగు రాళ్ళు తెచ్చేవాడు. ఆవిడ బజారులో నోరు పెట్టుకుని అందులో రెండు మిగిల్చేది. అలా అని ఆవిడ నమ్మకం. ముందు సరుకును తిట్టాలి, తర్వాత అమ్మేవాణ్ణి తిట్టాలి, చివరికి "నాకక్కర్లేదు పో" అనేసి పది అడుగులు నడవాలి. పదో అడుగు పడేలోపు వెనక నుంచి "ఆవో అమ్మాజీ, లే జావో", వచ్చి తీసుకుపో అమ్మా అని పిలుపు రావాలి. వచ్చేది. ఇన్నేళ్ళలో పదకొండో అడుగు వేసిన పాపాన పోలేదు.

మొగుడు పోయాడు. కొడుకు సింహాద్రి రోలింగ్ మిల్లులో కుదిరి, చరోదా రైల్వే కాలనీ పిల్ల ఛాయను చేసుకున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ. తగువంతా తలుపు వెనక మేకుకు వేలాడే ఆకుపచ్చ సంచీ దగ్గర. సంచీ ఎవరి చేతిలో ఉంటే ఏం వండాలో వాళ్ళే చెబుతారు, సింహాద్రి జీతం వాళ్ళ చేతికే వస్తుంది. కాపురానికి వచ్చిన మూడో వారం ఛాయ, "ఈసారి బజారుకి నేను వెళ్తాను అత్తయ్యా" అంది.

"నువ్వా? అడిగినంతా వాడి మొహాన పోసొస్తావు" అంది సింహాచలమ్మ.

ఆ తర్వాత ఏడాది పాటు ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాట లేదు.

తొంభై ఎనిమిదిలో సింహాద్రి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. అతను షిఫ్టుకు వెళ్ళిన మధ్యాహ్నాలు ఛాయ అందులో ఒక ఆట ఆడేది. కోటలు, రాక్షసులు, కత్తి పట్టుకు తిరిగే వీరుడు, వాడికి సరుకులమ్మే గడ్డం దుకాణదారు. వెనకాల బెండకాయలు తరుగుతున్న సింహాచలమ్మ ఒకరోజు కత్తిపీట ఆపేసింది.

"అదేటే, వాడు సెప్పిందల్లా ఇచ్చీసావు? బేరమాడ్డం రాదేటి?"

"ఆటే కదా అత్తయ్యా."

"ఆటైతే మాత్రం? వాడు కొట్టువాడు కాడేటి?"

ఛాయ ఒకసారి మేకు వైపు చూసింది. "ఠీక్ హై. ఆటలో మీకో మనిషి, నాకో మనిషి. నెల గడువు. వాడి కొట్లో ఉన్న ఇనప డాలు మీరు తక్కువకి కొంటే సంచీ ఊసు జన్మలో ఎత్తను. నేను కొంటే సంచీ నాది."

"నా దగ్గరా నీ పప్పులుడికేది?" అని కుర్చీ లాక్కుంది అత్త.

ఆవిడ చెప్పినట్టల్లా ఛాయ మీటలు నొక్కేది. మొదటి రోజే ఆవిడ మనిషి రొట్టెను తిట్టాడు, తాడును తిట్టాడు, దుకాణదారు గడ్డాన్ని తిట్టి బయటికి పది అడుగులు నడిచాడు. వీధిలో నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఆటలో పొద్దుగూకింది, కొట్టు మూసేశారు.

"ఓలమ్మ, వీడికి యాపారం సెయ్యడం తెల్దు" అంది సింహాచలమ్మ. అయినా వదల్లేదు. రోజూ వెళ్ళి తిట్టించింది.

ఛాయ మనిషి పద్ధతి వేరు. వెళ్ళగానే దండం పెట్టేవాడు. దుకాణంలో పోయిన దీపం వెతికి తెచ్చిచ్చాడు. తోడేలు తోళ్ళు దొరికితే ఆ కొట్టుకే అమ్మాడు. "అది బేరం కాదే, ఊడిగం" అని అత్త మూతి తిప్పింది.

గడువు రోజున సింహాచలమ్మ మనిషి డాలు అడిగాడు. రెండు వందల నాణేలన్నాడు దుకాణదారు. గీసి గీసి బేరమాడి నూట ముప్పైకి దించింది. "డెబ్భై తగ్గించీసాను, సూడు" అని కోడలి మొహం మీదే చిటిక వేసింది. తర్వాత ఛాయ మనిషి వెళ్ళాడు. దుకాణదారు అడగ్గానే వందన్నాడు. ఛాయ వంద ఇచ్చి డాలు తీసుకుంది.

"దగా. ఏదో మీట నొక్కీసావు."

"ఏ మీటా లేదు. మీ మనిషి తిడతాడని వాడికి తెలుసు. ముందే పెంచి చెప్పాడు. వాడు పెంచిందే మీరు తగ్గించారు." ఛాయ కంప్యూటర్ ఆపేసింది. "బజార్లో మాత్రం వేరేగా ఉంటుందా అత్తయ్యా?"

సింహాచలమ్మ కుర్చీ తోసి లేచింది. "ఉంటాది. ఆదివారం సూపిస్తాను. అప్పటిదాకా సంచీ మీద చెయ్యెయ్యకు."

ఆదివారం మొదట ఆవిడే కూరల బలరాం దగ్గరికి వెళ్ళింది. వంకాయలు కిలో పన్నెండన్నాడు. పుచ్చులంది, వాడి తక్కెడ దొంగదంది, నడిచింది. తొమ్మిదో అడుగుకు పిలుపొచ్చింది. ఎనిమిదికి తూయించుకుని, వచ్చి గాజుల బండి చాటున నిలబడింది. ఇక ఛాయ వంతు. ఆ పిల్ల ఎవరి కోడలో బలరాంకు తెలియదు.

"భయ్యా, బైగన్ కిలో ఎంత?"

"ఛే రుపయే, దీదీ." అవే వంకాయలు ఆరు రూపాయలే. పైగా అడక్కుండానే కొత్తిమీర కట్ట వేశాడు.

సింహాచలమ్మ బండి చాటు నుంచి ఊడిపడింది. "క్యా రే బలరాం, నాకు పన్నెండు, దీనికి ఆరా?"

బలరాం సిగ్గుపడలేదు. తెలుగువాళ్ళకు అమ్మీ అమ్మీ తెలుగు నేర్చినవాడు. "అమ్మాజీ, మీరు దూరం నుంచి కనిపిస్తేనే మేమందరం రేటు పెంచేస్తాం. లేకపోతే తగ్గించేది ఎక్కడ్నుంచి? మీకు గెలవాలి, మాకు బతకాలి."

"ఎప్పట్నుంచిరా?"

"మా బాపూ ఈ జాగాలో కూర్చున్నప్పట్నుంచి. ఆయనే నేర్పాడు."

ముప్పై ఏళ్ళు. పక్కింటి వాళ్ళు నోరెత్తకుండా కొనుక్కున్న వంకాయలే ఆవిడ అరిచి, అలిసి, ఎక్కువ పోసి కొనుక్కుంది. ఆ డబ్బుతోనే పొగ మింగిన మనిషికి ఇంకో గ్లాసు పాలు వచ్చేవి. ఆ మాట ఛాయ అనలేదు. సింహాచలమ్మకే తట్టింది, దాంతో ఇంకా మండింది.

సంచీని వంకాయలతో సహా కోడలి కాళ్ళ దగ్గర పడేసింది. "నాకక్కర్లేదు పో" అనేసి నడిచింది.

నాలుగు. ఐదు. ఆరు. చెవులు వెనక్కే ఉన్నాయి. ఎనిమిది. తొమ్మిది. వెనక ఛాయ సంచీ నోరు తెరిచి పట్టుకుంది, బలరాం అందులో బెండకాయలు పోస్తున్నాడు. పదో అడుగు పడింది.

ఎవరూ పిలవలేదు. సింహాచలమ్మ కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత పదకొండో అడుగు వేసింది.