డాక్టరుకు రెండు మార్కులు

ఆ రోజుల్లో మా తిరపతిలో జ్వరానికి డాక్టరంటే మర్యాద, మనసుకు డాక్టరంటే నవ్వులాట. "మనసు బాగలేకుంటే కొండకు పోయి గుండు కొట్టించుకుంటారు గానీ, మాటలు చెప్పించుకుంటారా?" అనేది మా అవ్వ. నేను రెండూ చేసినాను. గుండుతో భయం పోలేదు (వెంట్రుకలు మాత్రం పోయినాయి). డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో బయటినుంచి వచ్చిన సారు "నీ పేరేమి?" అని అడిగిన పాపానికి, లేచి పరిగెత్తినోణ్ణి నేను. ఆగి చూసుకుంటే పది కిలోమీటర్ల అవతల రేణిగుంటలో ఉండాను. ఆ తర్వాత ఆరునెలలు, ఎవరేమడిగినా "ఊ" తప్ప మాట లేదు. వీడికి బాగైందని మనసు డాక్టరు కాగితం రాసిస్తేనే మళ్లీ పరీక్ష అన్నారు కాలేజీవాళ్లు.

ఆ డాక్టరు విశాఖపట్నం వైపాయన, మా ఊరికొచ్చి మూడు నెలలు. మంచోడు. నేను గంటసేపు "ఊ" అంటా ఉంటే ఓపిగ్గా రాసుకునేవాడు. ఇంతలో గంగజాతర వచ్చింది. నాకు బాగుకావాలని, నాచేత ఆడవేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కుకోనుండాది. (వద్దమ్మా అనాలనుకున్నాను. "ఊ" అన్నాను.)

డాక్టరు రమ్మన్నదీ ఆ వేషం కట్టిన రోజే. అమ్మ కోక, చేతినిండా గాజులు, మెడలో వేపమండలు, మొహం నిండా పసుపు. జాతర్లో వేషం కట్టినోడు ఎవర్నైనా నోటికొచ్చిన బూతు తిట్టచ్చు, అదీ మొక్కే, ఎవరూ కోపపడరు. సొంత పేరు చెప్పలేనోణ్ణి, పొద్దున్నించీ వీధులన్నీ తిట్టుకుంటా తిరిగినాను. ఆరునెలల మూట కట్టు తెగిపోయింది. ఆ ఊపులోనే పోయి, డాక్టరు తలుపు తెరవంగానే ఆయన ఏడు తరాలనూ వరసబెట్టి దీవించినాను (ఆ దీవెనలు ఈడ రాసేటివి కావు).

ఆయన మొహం పాలిపోయింది. అయినా తలుపు మూయకుండా, మెల్లిగా, "కూర్చో బాబూ. ఈ చీర ఎప్పట్నుంచి కట్టుకోవాలనిపిస్తోంది?" అన్నాడు. నాకు ఊపు దిగిపోయి, మళ్లీ "ఊ" అన్నాను. ఆయన కలం తీసి, "మద్రాసు పెద్దాసుపత్రిలో చేర్పిద్దామండీ," అన్నాడు నా వెనకాలే వచ్చిన మా నాయనతో.

నాయన అడ్డంపడినాడు. "అయ్యో సారూ! వాడు తిట్టింది గంగమ్మ మొక్కుకు. తమరికి పుణ్యమే గదా! నమ్మకుంటే బయట సూడండి."

డాక్టరు కిటికీలోంచి చూసినాడు. మీసాలున్న కోకలు వరసగా పోతా ఉండాయి. అందులో ఒకాయన మా కాలేజీ గుమాస్తా. డాక్టరు వచ్చి కూచొని, సొరుగులోంచి ఒక ఫారం తీసినాడు. ఆయన పరిశోధనకంట. 'డాక్టరుకు మీ ఇంటి ఆచారాలు, పద్ధతులు ఎంతవరకు తెలుసు?' అస్సలు తెలియకుంటే ఒకటి, బాగా తెలిస్తే ఐదు.

"ఇంతవరకూ అందరూ ఐదే వేశారు. నువ్వు వెయ్యి."

నాయన నా మోచేతి కాడ గిల్లినాడు. "ఐదెయ్యిరా. కాగితం ఆయన చేతిలో ఉండాది."

గాజులు గలగలమంటా ఉంటే, రెండు వేసినాను. నాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"రెండెందుకు?" అన్నాడు డాక్టరు.

"ఒకటే ఎయ్యాల సార్. ఇదేందని ఒక మాటైనా అడక్కుండా మద్రాసు అనేసినారు. ఇన్ని తిట్లు తిని కూడా కూర్చో బాబూ అన్నారు గదా, దానికి ఇంకొకటి."

నాయన నోరు తెరిచి నన్నే చూస్తా ఉండాడు. డాక్టరు ఆ రెండు చుట్టూ గుండ్రంగా గీత గీసి, "ఎదురుగా కూర్చున్నవాడికి భయపడకుండా నిజం చెప్పాడండీ. ఇంకేం కావాలి?" అని కాగితం రాసిచ్చినాడు. పరీక్షలో సారు పేరడిగితే చెప్పినాను, ఇంటిపేరుతో సహా. పాసైనాను (మార్కులు అడగొద్దు).

మొన్న కంటి ఆసుపత్రిలో రెండుగంటలు బెంచీ మీద కూచోబెట్టి, డాక్టరు నా మొహమైనా చూడకుండా చుక్కల మందు రాసి పంపించినాడు. బయట ఒక పిల్ల, డాక్టరు ఎట్లా చూసినాడో మార్కులెయ్యమని ఫారం చేతికిచ్చి, నవ్వుతా ఎదురుగా నిలబడింది. అన్నిటికీ ఐదు వేసి వచ్చినాను. మెట్లు దిగుతా ఉంటే ఆ పొద్దు రెండు వేసిన పసుపు మొహం పిల్లోడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, సిగ్గూ అయింది. ఈ వయసులో నాకు మళ్లీ ఆ జబ్బే తగులుకున్నట్టుండాది. కోక కట్టించేదానికి అమ్మ లేదు.