చిన్నమ్మ గుంజకు పాయింట్ పుస్తకం

మా ఊర్లె పోలీసోళ్ళ పుస్తకాలు మొదట రెండు తావుల్లనే ఉండె. ఒకటి బడి గేటుకు, ఒకటి ఊరి చివర మోటర్ల దొంగ ఇంటికి. పాయింట్ పుస్తకం అంటరు దాన్ని. కానిస్టేబుల్ బండి మీద వచ్చి, పుస్తకం తీసి, తారీకు, టైము వేసి, కింద "అంతా ప్రశాంతం" అని రాసి సంతకం పెట్టి పోతడు. బడికాడ పిల్లలు పైలం అని పెట్టిండ్రు. ఆ దొంగ ఒకప్పుడు బావులకాడ కరెంటు మోటర్లు ఎత్తుకపోయి జైలుకు పోయొచ్చినోడు, వాని మీద ఒక కన్నుండాలె అని అక్కడ పెట్టిండ్రు. మూడో పుస్తకం పెట్టిచ్చింది నేను.

నేను చదివింది మూడో తరగతి. బీడీలు చేసుకుంట బతికినదాన్ని. చాట ఒళ్ళె పెట్టుకొని ఆకు కత్తిరిస్తుంటే నా చుట్టూ పది మంది జమయ్యేటోళ్ళు. ఎవరింట్ల పెండ్లి ఏ యేడు అయింది, ఎవల బర్రె ఏ వానకాలంల ఈనింది, అన్నీ నాకు యాదికుంటయి. మండలానికి కొత్తగ వచ్చిన ఎస్సై సారు, ఊరి భద్రతకు వాలంటీర్లు కావాలె, ఆడోళ్ళు గూడ ఉండాలె అన్నప్పుడు అందరు నన్నే ముందటికి నూకిండ్రు. మెడల ఏసుకునేటందుకు ఒక కార్డు, ఊదేటందుకు ఒక సీటీ ఇచ్చిండ్రు. మా ఆయన ఎక్కిరిచ్చిండు.

"ఇగ ఇంట్ల గూడ సీటీ ఊదుతవా?"

"నువ్వు తాగొచ్చిననాడు ఊదుత" అన్న.

నిజం చెప్తున్న, ఆ కార్డు మెడలుంటే నాకు మస్తు గర్వమయ్యేది.

శనివారం శనివారం పంచాయితీ ఆఫీసుకాడ మీటింగు. ఫోన్ల బ్యాంకు నంబర్లు అడిగితె చెప్పొద్దని, తాగి బండి నడపొద్దని సారు చెప్పేటోడు. భానామతి ముచ్చట వస్తే మైకు నా చేతికిచ్చేటోడు. "మంత్రాలు లేవు, చేతబడి లేదు. ఉన్నది మన భయం ఒక్కటే. భయానికి ఒక ముసలామెను బలిపెట్టకుండ్రి" అని నేను గట్టిగ చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేటోళ్ళు.

మా వాడకట్టుల ఒక ముసలామె ఉండె. ఊరి వరుసకు నాకు చిన్నమ్మ. మొగడు లేడు, ఒక్కతే బిడ్డ శ్రీరాంపూర్ల, అల్లుడు బొగ్గుబాయి పనికి పోతడు. చిన్నమ్మ పసిరికలకు, గదే కామెర్లకు, ఆకు మందు ఇచ్చేది. ఊర్లె ఎవల ఇంట్ల కాన్పయినా పసిపిల్లకు నీళ్ళు పోసేది ఆమెనే. కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద పండవెట్టుకొని, వేడినీళ్ళు పోసి రుద్దితే పిల్ల ఏడ్చి ఏడ్చి కమ్మగ నిద్రపోయేది. నా బిడ్డకు నలభై దినాలు పోసింది.

ఆ యేడు ఎదురింటి వదినెకు రెండు బర్రెలు సచ్చినయి. ఎన్కనే కోడలికి మూడో నెల కడుపు పోయింది. నల్లాకాడ వదినె బిందె పెట్టుకుంట అన్నది.

"ముందటి రోజే ఆమె వచ్చి నా కోడలి కడుపు మీద చెయ్యి పెట్టింది. ఇగ మీరే అర్థం చేసుకోండ్రి."

"వదినె, ఆమె చెయ్యి పెట్టని కడుపు ఈ ఊర్లె ఏది?" అన్న నేను.

"నువ్వు మైకుల మాట్లాడేదానివి తల్లీ. నీకు చెప్పేటంత దాన్ని గాదు."

ఆ మాట ఇంటింటికి పోయింది. వదినె కొడుకు కట్టె పట్టుకొని చిన్నమ్మ వాకిట్ల నిలబడి తిట్టిండు. నాకు భయమైంది. మీటింగుల లేచి సారుకు అన్నీ చెప్పి, నేనే ఒక ఉపాయం గూడ చెప్పిన.

"సార్, బడికి పెట్టినట్టు ఆమె ఇంటికాడ గూడ ఒక పుస్తకం పెడితే? రోజు కానిస్టేబుల్ వస్తడంటే ఎవ్వలు చెయ్యెత్తరు."

"మంచిగ చెప్పినవక్కా" అన్నడు సారు.

తెల్లారి పది గంటలకు జీపు వచ్చింది. సారు తన చేతుల తోనే ముందటి గుంజకు మొల కొట్టి పుస్తకం తగిలిచ్చిండు. అందరు సూడంగ చిన్నమ్మ చెంబుల నీళ్ళు తాగిండు. వదినె కొడుకును పిలిచి బెదిరిచ్చిండు. చిన్నమ్మకు నవ్వాగలే.

"నా బిడ్డ మొగడు యేడాదికోసారి వస్తడు. గీ పోలీసు అల్లుడు రోజొస్తడట!"

నా మతిల బడి గేటున్నది. ఊరి మతిల మోటర్ల దొంగ ఇల్లున్నది. గదే నాకు తట్టలే.

వారం తిరగకముందే నల్లాకాడ మాట మారింది. "ఏం లేంది పోలీసోళ్ళు పుస్తకం ఎందుకు పెడ్తరు? దొంగను సర్కారు పట్టుకున్నట్టే ఈమెను గూడ పట్టుకున్నది." అప్పటిదాక వదినె మాట నమ్మనోళ్ళు గూడ నమ్మిండ్రు. పక్కూరి నుంచి పసిరికల మందుకు వచ్చినోళ్ళు గుంజకు పుస్తకం సూసి వాకిట్లకెళ్ళే మర్లిపోయిండ్రు. నేను కార్డు ఏసుకొని ఇంటింటికి తిరిగిన. గది కాపాడేటందుకు పెట్టిన పుస్తకం అని చెప్పిన.

"ఎవల నుంచి ఎవలను కాపాడేటందుకు?" అన్నది వదినె.

చిన్నమ్మ ఒకనాడు పొద్దుగాల్నే వచ్చి నా పక్కకు కూసున్నది. బీడీ ఆకు తీసి ఊకెనే చేతుల తిప్పుకుంట అన్నది.

"బిడ్డా, గా పుస్తకం తీపియ్యి. నేను గీ ఊర్లెనే సావాలె. మీ చిన్నాయినను బొంద పెట్టిన గట్టుకాడనే నన్ను పెట్టాలె. గిట్లయితే నన్ను మోసేటందుకు నలుగురు గూడ రారు."

"నేనున్న గద చిన్నమ్మా" అన్న.

కానిస్టేబుల్‌ను అడిగిన. "పెట్టిన పాయింట్ తీసుడు నా చేతుల లేదక్కా, ఠాణల రాసుకున్నం. సారును అడుగు" అన్నడు. ఠాణకు పోతే సారుకు బదిలీ అయిందన్నరు. కొత్త సారు నా కార్డు సూసిండు, "ప్రాణం మీదికొస్తే జవాబు నువ్వు చెప్తవా?" అన్నడు. తియ్యలే.

సద్దుల బతుకమ్మ వచ్చింది. నా బిడ్డ ఐదో నెల కడుపుతోని ఇంటికొచ్చింది. చెరువుకాడ పోలీసోళ్ళతోని నాకు డ్యూటీ. పొద్దుగూకంగ బతుకమ్మలను నీళ్ళల్ల వదిలినంక, ఆడోళ్ళందరు సత్తుపిండి, మలీద ఒకరికొకరు పంచుకున్నరు. చిన్నమ్మ గూడ రొట్టెలు, బెల్లం కలిపి మలీద చేసుకొచ్చింది. పళ్ళెం పట్టుకొని ఒక్కొక్కల ముందట నిలబడ్డది. ఎవ్వలు చెయ్యి చాపలే. ఒకామె కొంగు సదురుకున్నది, ఒకామె పిల్లను పిలుసుకుంట పోయింది. ఆఖరికి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వన్న తీస్కో బిడ్డా."

అందరు నా దిక్కే సూస్తున్నరు. దోసిలి పట్టిన. పళ్ళెంల ఉన్నదంత నాకే పెట్టింది. గంతల నా బిడ్డ వచ్చి, "అవ్వా, నాకింత పెట్టు" అని నా దోసిలి దిక్కు చెయ్యి చాపింది.

నా చెయ్యి లేవలే. మైకుల అన్ని మాటలు చెప్పిన నోరు నాదే. ఆ చేతుల మలీద ఎన్నిసార్లు తిన్ననో లెక్కలేదు. అయినా ఐదో నెల కడుపు కండ్ల ముందట కనపడ్డది, వదినె కోడలు కనపడ్డది. "ఇంటికి పోయినంక తిందువు" అని కొంగుల కట్టుకున్న. మెల్లగ పక్కకు పోయి, ఎవ్వలు సూస్తలేరనుకొని, కొంగు ఇప్పి నీళ్ళల్ల ఒంపిన.

మర్లి సూస్తె ఎన్క చిన్నమ్మ ఉన్నది. ఖాళీ పళ్ళెం కడుక్కునేటందుకు వచ్చింది.

తిట్టలే. ఏడ్వలే. తన రెండు చేతులు సూసుకున్నది.

"నీ బిడ్డకు నీళ్ళు పోసిన చేతులే బిడ్డా" అన్నది. పళ్ళెం కడగకుంటనే పోయింది.

ఊరంత ఒక దిక్కున్నా, నేను తన దిక్కుంటే ఉండేదేమో ఆమె. మూడో రోజు తలుపుకు తాళం ఏసి, సంచి పట్టుకొని శ్రీరాంపూర్ బస్సెక్కింది. నేను బస్టాండు దాక ఉరికిన. కిటికీల నుంచి నా దిక్కు సూడలే.

నా బిడ్డకు మంచిగనే కాన్పయింది. పసిపిల్లకు నీళ్ళు పోసేటందుకు ఊర్లె ఒక్కలు దొరకలే. వదినె కోడలికి మల్ల కడుపు పోతే పట్నం డాక్టరు పరీక్షలు చేసి, ఆమె నెత్తుర్లనే ఏదో తేడా ఉన్నదని చెప్పిండట. వదినె ఈ ముచ్చట నల్లాకాడ చెప్పలే. కోడలే నాకు చెప్పుకొని ఏడ్చింది.

పోయిన ఎండకాలం చిన్నమ్మ శ్రీరాంపూర్లనే సచ్చిపోయింది. అక్కన్నే పెట్టిండ్రు. మాకు మాట వచ్చేసరికి మూడొద్దులైంది. చిన్నాయిన గట్టుకాడ పక్క జాగ ఖాళీగనే ఉన్నది.

పుస్తకం మాత్రం గుంజకే ఉన్నది. మొన్న కొత్త కానిస్టేబుల్ వచ్చిండు. ఇప్పుడు వాలంటీరు గూడ సంతకం పెట్టాల్నట, నన్ను పిలిచిండు. తాళం ఏసిన తలుపు ముందట నిలబడి పుస్తకం నా చేతుల పెట్టిండు.

"ఈ ఇంట్ల ఎవ్వలు లేరు సారూ" అన్న.

"గందుకే గదక్కా లొల్లి లేదు. రాయి."

నాకు రాసుడు శాన రాదు. పైన గీతలన్నిట్ల ఒకటే మాట ఉన్నది, దాన్ని సూసుకుంట ఒక్కొక్క అక్షరం దింపిన. అంతా ప్రశాంతం. కింద నా పేరు రాసిన.