కరుణ పక్కన పరుగు

గోదావరి ఎర్రనీళ్ళు తేటపడ్డాక గానీ మా వైపు ఈత పోటీలు మొదలు కావు. ఈ సీజన్‌లో మొదటి ట్రయాథ్లాన్ రాజమండ్రిలో, నవంబరులో ఒక ఆదివారం అని తెలిసింది. ఈత, సైకిలు, పరుగు ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ అది. మా అమ్మాయి కరుణ నిరుడు కూడా అందులో పాల్గొంది. తనకు పుట్టుకతోనే చూపు లేదు. అందుకని తోడుగా ఒక ఆడమనిషి ఉండాలి. తాడు కట్టుకుని పక్కనే ఈదాలి, రెండు సీట్ల సైకిలుకు ముందు సీట్లో కూర్చుని తొక్కాలి, మళ్ళీ తాడు పట్టుకుని పక్కనే పరుగెత్తాలి. నిరుడు నాకు వెళ్ళడం కుదరలేదు. అప్పుడు తోడు వెళ్ళిన స్నేహితురాలు పెళ్ళయి బెంగుళూరు వెళ్ళిపోయింది.

"నేనొస్తానే" అన్నాను. నాకు నలభై ఆరేళ్ళు. కాలువలో ఈత, పొలం పనులకు సైకిలు మీద పోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నవే.

"నువ్వు లాగుతావమ్మా" అంది కరుణ. "బజారుకెళ్ళినా దూడని లాక్కెళ్ళినట్టు లాక్కెళ్తావు. అక్కడ లాగితే పోటీలోంచి తీసేస్తారు. ఈ ఒక్కసారి చూద్దాం. కుదరకపోతే వేరే మనిషిని వెతుక్కుంటాను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తనకు పాఠాలు చదివి వినిపించాలని ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. తన పక్కన ఇంకొకరు ఉండడమనేది ఊహించుకోలేకపోయాను. ఆ రోజు నుంచీ తెల్లవారుజామునే లేచి, కాలువ గట్టు మీద తాడు వదులుగా పట్టుకుని పరుగెత్తడం సాధన చేశాం.

ఆదివారం ఆరాధనకు రాలేమని పాస్టరు గారికి ముందే చెప్పాను. ఆయన ప్రార్థన చేసి, "మీ అమ్మ ఈదడం కాలువలో నేను చూశానమ్మా, నువ్వు జాగ్రత్త" అని కరుణకే చెప్పారు.

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి పెద్దాపురంలో షేర్ ఆటో ఎక్కాం. సామర్లకోట స్టేషనులో పాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది. సీట్లు దొరికాయి. ఎదురుగా జామకాయల సంచీతో ఒక పెద్దావిడ కూర్చుంది. కాసేపు కరుణ వైపు చూసి, నా వైపు వంగి, "పాపకి చూపు లేదాండి?" అని గొంతు తగ్గించి అడిగింది.

"లేదండి" అంది కరుణే. "మీరీ కిటికీ పక్కకి వచ్చేయండి. నాకెందుకు, దండగ."

ఆవిడ ముందు కంగారుపడింది, తర్వాత పకపకా నవ్వింది. నిజంగానే కిటికీ పక్కకు మారి, కరుణ చేతిలో రెండు జామకాయలు పెట్టింది. ద్వారపూడి దాటేదాకా ఇద్దరూ కబుర్లాడుతూనే ఉన్నారు.

నాలుగున్నరకు రాజమండ్రిలో దిగాం. వెళ్ళాలనుకునేవారు గోదావరి గట్టుకు దగ్గరలో గది ముందే మాట్లాడుకోండి, పోటీ ముందు రోజు ఖాళీలు ఉండవు. మాకు కింది అంతస్తులో చిన్న గది దొరికింది. సాయంత్రం పోటీ చోటుకు వెళ్ళి నంబర్లు, రెండు సీట్ల సైకిలు చూసుకున్నాం. సైకిలు అక్కడివాళ్ళే ఇస్తారు. జడ్జిగా ఉన్న ఒకావిడ నా చేతికి సాగే తాడు ఇచ్చి, "అమ్మగారూ, ఇది వదులుగానే ఉండాలండి. మీరు ముందుకు లాగకూడదు. చివరి గీత అమ్మాయి ముందు దాటాలి, లేదా ఇద్దరూ ఒకేసారి దాటాలి" అంది.

"విన్నావా?" అంది కరుణ.

"విన్నానే తల్లీ."

రాత్రి ఇడ్లీ తిని తొందరగా పడుకున్నాం. తెల్లారి ఐదింటికి గట్టు మీద ఉన్నాం. మంచు పట్టి అవతలి ఒడ్డు కనిపించలేదు. ఆరున్నరకు ఈల వేశారు. నడుములకు తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగాం. చల్లదనానికి నాకు ఒళ్ళు జలదరించింది. కరుణ మాత్రం "కాలువకంటే తియ్యగా ఉన్నాయే నీళ్ళు" అని ఒక గుక్క పుక్కిలించి ఊసింది. నేను తల పైకెత్తి, దారి తెలియడానికి నీళ్ళలో తేల్చిన నారింజరంగు బుడగలను చూసుకుంటూ ఈదాను. మలుపు దగ్గర తన భుజం మీద చిన్నగా తట్టాను, తను తిరిగింది. తాడు ఎక్కడా బిగుసుకోలేదు.

సైకిలు మీద ఇంకా హాయిగా సాగింది. నేను ముందు కూర్చుని "గుంట", "మలుపు" అని అరుస్తుంటే కరుణ వెనక నుంచి బలంగా తొక్కింది. దారిలో టీకొట్టు దగ్గర ఒకాయన, "అమ్మగారూ, వెనకావిడ తొక్కట్లేదండీ!" అని అరిచాడు.

"మీరొచ్చి ముందు కూర్చోండి బాబాయ్, తెలుస్తుంది!" అంది కరుణ. కొట్టు కొట్టంతా నవ్వింది.

పరుగు మొదలయ్యేటప్పటికి ఎండెక్కింది. సగం దూరం వరకు "కుడికి", "బంపు" అని చెబుతూనే ఉన్నాను. ఆ తర్వాత నా మాటలు తగ్గాయి. ఊపిరి అందడం లేదు. పైకి తెలియనివ్వకూడదని పళ్ళు బిగపట్టాను. చేతిలో తాడు చూసుకుంటే వదులుగా ఊగుతోంది. నన్ను ఇక మార్చదులే అని సంబరపడ్డాను.

అప్పుడు గమనించాను, కరుణ అడుగులు చిన్నవయ్యాయి.

"కాలు నొప్పా?"

"కాదమ్మా. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో."

తన ఊపిరి చూస్తే ఇంట్లో కూర్చున్నట్టు నింపాదిగా ఉంది. తాడు వదులుగా ఉన్నది నా గొప్పతనం వల్ల కాదని అప్పుడు అర్థమైంది. తను తన కాళ్ళను ఆపుకుంటోంది. మమ్మల్ని దాటి ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరై దూరమైనప్పుడల్లా కరుణ తల అటు తిరిగి, మళ్ళీ నా వైపు వచ్చేది. నాలుగడుగులు బలమంతా పెట్టి వేగంగా వేశాను. ఐదో అడుగుకు నా వల్ల కాలేదు.

ఇద్దరం ఒకేసారి గీత దాటాం. జడ్జి ఆవిడ వచ్చి, "ఒక్కసారి కూడా లాగలేదండి" అని నా చెయ్యి పట్టుకుంది. కరుణ నన్ను వాటేసుకుని, "ప్యాసయ్యావమ్మా! వచ్చే నెల విశాఖపట్నం పోటీకి కూడా మనిద్దరమే" అంది. నేను నవ్వి, తాడు మడిచి జడ్జికి ఇచ్చేశాను.

స్టేషను దగ్గర భోజనం చేసి రెండున్నరకు రైలెక్కాం. రెండువైపులా కోతకొచ్చిన చేలు. మనసులో ఉన్నది చెప్పడానికి నాకు ద్వారపూడి దాకా పట్టింది.

"విశాఖపట్నానికి వేరే అమ్మాయిని చూసుకోవే. నీ వయసుదాన్ని. నీ అంత పరుగెత్తేదాన్ని."

"నిన్ను నేనేమైనా అన్నానా?"

"అనలేదు. నా కోసం ఆగావు. అది చాలదా?"

అనపర్తి వచ్చింది, వెళ్ళిపోయింది.

"మరి నువ్వేం చేస్తావు?" అంది కరుణ చివరికి.

"నేనూ వస్తాను. గట్టు మీద నిలబడి చూస్తాను."

"రోజూ చూసేదాన్నేగా, ఏం చూస్తావు?"

"పొద్దుటి నుంచీ నీ పక్కనే ఉన్నానా, నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. పరుగెత్తేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను ఇంతవరకూ చూడలేదే."

కరుణ కొంచెం నవ్వింది. తడుముకుని నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"అయితే సరిగ్గా చూసొచ్చి చెప్పు" అంది. "నాకూ తెలీదు కదా."

నేను చూసిన ఊళ్ళు తక్కువ. రాజమండ్రికే చాలాసార్లు వెళ్ళాను, ఆసుపత్రికని, పెళ్ళిళ్ళకని. ఒకరి కోసం వెళ్ళి, వాళ్ళను కొంచెం వదిలిపెట్టి తిరిగిరావడం మాత్రం ఇదే మొదలు. సామర్లకోటలో జనం ఎక్కువగా ఉన్నారు. కరుణ ముందు దిగి, నాకు చెయ్యి అందించింది.