మా పాపను నవ్వించిన విలన్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. పరీక్షకు నిలబడిందే నమ్ముతాను. ఇది మాత్రం నా కళ్ళ ముందే జరిగింది.

మేముండేది ఐర్లాండ్‌లో కాజిల్‌బార్ అనే ఊళ్ళో. పోయినేడు మా పాప నిత్యకి పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికి దానికి ఆరేళ్ళు. వినపడటం ఆగాక మాట్లాడటం కూడా మానేసింది. మనుషుల ముఖాలు చూడటానికే భయపడేది. "గొంతు బాగానే ఉంది, తనకే ధైర్యం రావాలి" అన్నారు డాక్టర్లు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి తేవాలో తెలియక బాత్రూములోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి కారిడార్‌లో మా వంతు కోసం కూర్చున్నాం. ఎదుటి కుర్చీలో ఒకావిడ. నల్ల టోపీ, తోలు వాసన వేస్తున్న గుర్రపుస్వారీ బూట్లు, కళ్ళచుట్టూ దట్టంగా కాటుక. నిత్య వైపు చూసి ఒక కనుబొమ్మ ఎగరేసింది. లేని తాడుతో ఎవరినో కట్టేస్తున్నట్టు ముడులు వేసింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు. పాపం, ఈవిడా మా పాపలాంటిదే అనుకున్నాను.

నిత్య ఆవిడ ముఖం మీంచి చూపు తిప్పలేదు. లేచి నడవబోతే ఆ లేని తాడే కాలికి తగిలి ఆవిడ పడబోయేసరికి పకపకా నవ్వింది.

నేను నీళ్ళు తెచ్చేలోపు ఆవిడ లేదు. నర్సుని అడిగాను. "అక్కడెవరూ లేరే! పాప ఒక్కతే నవ్వుకుంటోంది. చూడ్డానికి ఎంత గ్రాండ్‌గా ఉందో!" అంది.

కొన్ని వారాలకి ఊళ్ళో హాల్లో పాత మూకీ సినిమా వేశారు. మాటలుండవు కాబట్టి నిత్య కూడా అందరితో సమానంగా చూస్తుందని తీసుకెళ్ళాం. కౌబాయ్ కథ. హీరోయిన్‌ని తాడుతో కట్టేస్తూ, కనుబొమ్మ ఎగరేస్తూ విలన్ తెర మీదికొచ్చింది. ఆసుపత్రిలో చూసిన అదే ముఖం, అదే నల్ల టోపీ, అవే బూట్లు.

నిత్య కుర్చీ ఎక్కి నిలబడి తెర వైపు వేలు చూపించింది.

"మమ్మీ! దట్స్ హర్! ద ఫన్నీ లేడీ!"

జ్వరం తర్వాత అది పలికిన మొదటి మాటలవి. మా ఆయన పాపని ఎత్తుకుని అందరి ముందూ ఏడ్చేశాడు.

ఆ నటి మూకీల కాలంలో కౌబాయ్ సినిమాల్లో, హాళ్ళలో వారానికో భాగం వేసే సీరియల్ సినిమాల్లో పేరుమోసిన విలన్ అని సినిమా వేసినాయన చెప్పాడు. మా అమ్మ పుట్టకముందే చనిపోయిందట.

"మీరిద్దరూ ఎక్కడో పోస్టర్ చూసుంటార్లే" అంటాడు మా ఆయన. చూసుంటామేమో. మరి ఆ రోజు ఆవిడ బూట్ల తోలు వాసన నాకెలా వచ్చింది?

నిత్య ఇప్పుడు పెదాల కదలిక చూసి మాటలు గుర్తుపడుతుంది. స్కూల్ నాటకంలో విలన్ వేషమే కావాలని గొడవ.

"విల్ షి కమ్ బ్యాక్, మమ్మీ?" అని అడుగుతుంది అప్పుడప్పుడూ. రాదని చెప్పబోతాను. అది నా పెదాల వైపే చూస్తూ నిలబడుతుంది. ఆ మాట ఇంతవరకూ అనలేకపోయాను.